పేరు మార్చి చెప్పి చూడండి

మా ఇంట్లో రాజకీయాల మీద వాదన మొదలైతే ముందుగా వినిపించే మాట "లాజిక్‌గా మాట్లాడు". మావారు మా అమ్మాయితో అంటారు, మా అమ్మాయి వాళ్ళ తాతయ్యతో అంటుంది, మావయ్యగారేమో టీవీలో కూర్చున్నవాళ్ళతో అంటారు. ఎదుటివాళ్ళది ఆవేశం, మనది ఆలోచన. ఇన్నేళ్ళుగా ఈ వాదనలకి కాఫీలు అందిస్తూ వింటున్నాను కదా, "నేను ఆవేశంలో మాట్లాడుతున్నాను" అని ఒప్పుకున్న మనిషిని మాత్రం ఇంతవరకూ చూడలేదు. గొంతు పక్కవీధికి వినబడుతున్నప్పుడు కూడా.

2022లో మా ఊళ్ళో జరిగినదాని గురించి రాయాలని చాలాసార్లు అనుకుని ఆగాను. మాది అమలాపురం. మా కులం పేరు ఇక్కడ రాయను గానీ, ఆ గొడవలో "వద్దు" అన్న వైపున్న కులాల్లో మాదీ ఒకటి అని మాత్రం చెప్పాలి. అది చెప్పకుండా మిగతాదంతా రాస్తే న్యాయం కాదు.

ఆ ఏడాది ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. తూర్పు గోదావరిలోంచి మమ్మల్ని విడదీసి అమలాపురం కేంద్రంగా కోనసీమ జిల్లా చేశారు. ఊరంతా సంబరమే. కలెక్టరుగారికి అర్జీ ఇవ్వాలంటే ఇక కాకినాడ బస్సెక్కక్కర్లేదు. మే 18న ఆ పేరుని డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లాగా మారుస్తామని ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చింది. అభ్యంతరాలుంటే ముప్పై రోజుల్లో రాసివ్వండి అన్నారు. ఆరు రోజులు గడిచాయి. 24వ తేదీ మంగళవారం సాయంత్రం, ఎండబెట్టిన మాగాయ ముక్కలు తియ్యడానికి డాబా ఎక్కితే ఊరి మీద పొగ. మంత్రి విశ్వరూప్ గారి ఇల్లు, ముమ్మిడివరం ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ గారి ఇల్లు తగలబెట్టారు, బస్సులు తగలబెట్టారు. ఇంకా ఇరవై నాలుగు రోజుల గడువుంది. ఒక తెల్లకాగితం, ఒక సంతకం సరిపోయే పనికి పెట్రోలు వాడారు.

ఆ తర్వాత పదిరోజుల పైన జిల్లాలో ఇంటర్నెట్ లేదు. ఇంటి నుంచి ఉద్యోగం చేసుకునే మా మరిది కొడుకు లాప్‌టాప్ పట్టుకుని ఎదుర్లంక వంతెన దాటి యానాం వెళ్ళి కూర్చునేవాడు. మా ఇంట్లో ఫోన్లు చూసుకునే పని తప్పింది కాబట్టి అందరూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు, వాదన మొదలైంది.

మావారు నిప్పు పెట్టడాన్ని సమర్థించలేదు. కానీ పేరు విషయంలో ఆయన దగ్గర కారణాలు సిద్ధంగా ఉన్నాయి. కోనసీమ అంటే ప్రపంచమంతా తెలుసు, దానికి ఇంకో పేరెందుకు. ఆయన ఎంత గొప్పవాడైనా ఈ ప్రాంతం మనిషి కాదు. పేరు మరీ పొడుగైపోతుంది, అప్లికేషన్లలో గళ్ళు చాలవు. పెట్టేదుంటే ఏప్రిల్ 4నే పెట్టొచ్చు కదా, అప్పుడు ఎవరూ ఏమీ అనేవారు కాదు.

మా అమ్మాయి అప్పుడు డిగ్రీ రెండో ఏడు. వేళ్ళు మడిచి మొదలుపెట్టింది.

"నాన్నా, ఒంగోలు జిల్లాని 1972లో ప్రకాశం జిల్లా అన్నారు. 2008లో నెల్లూరుకి ముందు శ్రీ పొట్టి శ్రీరాములు అని చేర్చారు. అది మన పేరుకన్నా పొట్టిదా? 2010లో కడపని వైఎస్సార్ జిల్లా అన్నారు. మొన్న ఏప్రిల్లో మనతోపాటే ఎన్టీఆర్ జిల్లా వచ్చింది. ఎన్టీఆర్ పుట్టిన నిమ్మకూరు ఆ జిల్లాలో లేనే లేదు, కృష్ణా జిల్లాలో ఉండిపోయింది. వీటిల్లో ఏ పేరు వచ్చినప్పుడైనా నువ్వు భోజనం దగ్గర లేచిపోయావా?"

మావారు లేచిపోలేదు కానీ పెరుగు వేసుకోకుండా చెయ్యి కడిగేసుకున్నారు.

"ప్రాంతం మనిషి కాదంటావు. మరి కాటన్ దొర ఏ ఊరాయన?"

దానికి మావయ్యగారే నవ్వేశారు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది, ఆ నీళ్ళతోనే మా తాతముత్తాతలు తిన్నారు, ఊరూరా ఆ ఇంగ్లీషాయన బొమ్మకి దండలేస్తాం. ఎవరూ మా ప్రాంతం కాదనలేదు.

నాకనిపించేదేమిటంటే, మావారి కారణాల్లో చివరిదానిలో విషయం ఉంది. ముందు ఒక పేరు ప్రకటించి, జనం దానికి అలవాటుపడ్డాక మార్చడం తెలివైన పని కాదు. కానీ అది ప్రభుత్వం పని చేసిన తీరు మీద అభ్యంతరం, పేరు మీద కాదు. మిగతా మూడూ వేరే పేర్లకి ఎప్పుడూ పనిచెయ్యని కారణాలు. ఒక్క పేరు దగ్గరే పనిచేసే కారణాన్ని కారణం అనొచ్చా? మా అమ్మాయికి మనస్తత్వశాస్త్రం పాఠాల్లో జోనథన్ హైట్ అనే అమెరికా ప్రొఫెసర్ చెప్పిన పోలిక ఒకటి వచ్చిందట. మన భావాలు ఏనుగు, మన తర్కం దాని మీద కూర్చున్న మావటి. మావటి నడుపుతున్నాడని మనం అనుకుంటాం గానీ, చాలాసార్లు ఏనుగు తనకి నచ్చినవైపు తిరిగాక, ఇటెందుకు తిరిగిందో ఊళ్ళోవాళ్ళకి సర్దిచెప్పుకోవడమే మావటి పని. మావారు మంచి మావటి. ఆ మాటకొస్తే మా అమ్మాయి ఇంకా మంచి మావటి, ఎదుటివాళ్ళ ఏనుగు తప్ప తనది కనబడదు.

అందుకని భావాలు పక్కనపెట్టి ఆలోచించండి అని నేను చెప్పబోవడం లేదు. అలా చెప్పేవాళ్ళంటే నాకు కొంచెం అనుమానం కూడా. మావయ్యగారి సంగతే చూడండి. పొట్టి శ్రీరాములు గారు 1952 డిసెంబరు 15న, దీక్ష పట్టిన యాభై ఎనిమిదో రోజున పోయినప్పుడు ఆయనకి పదేళ్ళు. రైళ్ళు ఆగిపోయాయట, వాళ్ళ నాన్నగారు ఇంట్లో పొయ్యి వెలిగించనివ్వలేదట. ఇప్పటికీ అది చెప్పేటప్పుడు ఆయన గొంతు పూడుకుపోతుంది. మరి అప్పటి లెక్కలన్నీ ఎటువైపున్నాయి? 1948లో ధార్ కమిషను భాషని బట్టి రాష్ట్రాలు వద్దంది. మరుసటేడు నెహ్రూ, పటేల్, పట్టాభి కూర్చుని ఇప్పుడప్పుడే వద్దన్నారు. దేశం అప్పుడే ముక్కలైంది, మళ్ళీ ముక్కలెందుకన్నది వాళ్ళ తర్కం. అది తెలివితక్కువ తర్కమేమీ కాదు. అయినా 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, దేశం ముక్కలవలేదు. ఆ లెక్కల్లో చేరని విషయం ఒకటుంది. తన భాషలో అర్జీ రాసుకోలేని మనిషికి ఉండే బాధ. ఆ బాధ పడ్డవాళ్ళకే ముందు తెలిసింది. అంటే భావం కూడా ఒక సమాచారమే, కమిషన్ల దగ్గర లేని సమాచారం.

నన్ను కదిలించింది ఇక్కడే. ఒక పేరు వింటే గొంతు పూడుకుపోయే మావయ్యగారు, ఇంకో పేరుకి "దానివల్ల ఒరిగేదేమిటమ్మా?" అన్నారు. ఆయన చెడ్డవారు కాదు, ఆ మాటకి ఎవరైనా సాక్ష్యం చెబుతారు. ఆ పేరు ఆయనకి తగలలేదు, అంతే.

నేను చదివింది బి.ఏ. తెలుగు. రాజకీయశాస్త్రం నాకు రాదు, రసప్రకరణం వచ్చు. అక్కడ క్రోధం, భయం, శోకం ఇవన్నీ స్థాయీభావాలు. గర్వం, అసూయ, శంక లాంటివి సంచారీభావాలు, వచ్చిపోతుంటాయి, స్థాయికి బలం ఇస్తుంటాయి. ఏ రసమైనా పండాలంటే విభావం కావాలి, అంటే దాన్ని రేపే మనిషో వస్తువో సన్నివేశమో. ఆ మే నెల మా వీధి వాట్సాప్ గ్రూపు చూస్తే మా మేష్టారి పాఠం అక్షరాలా కనబడింది. పంపించేవాళ్ళకి అలంకారశాస్త్రం తెలీకపోయినా ఏ ఫొటో పెడితే ఏది రేగుతుందో బాగా తెలుసు. పాఠంలో లేనిది ఒకటే. కావ్యం మూసేస్తే శోకం కూడా ఆనందంగా మిగులుతుందంటారు. ఇక్కడ మూసెయ్యడానికేమీ లేదు, ఇళ్ళు కాలాయి, మా వీధుల్లో చాలామంది కుర్రాళ్ళ మీద కేసులయ్యాయి. వాళ్ళ తల్లులు ఇంకా వాయిదాల లెక్కలు వేసుకుంటుండేవారు.

నాకు ఇరవై ఐదేళ్ళ స్నేహితురాలు ఒకామె ఉంది, రాజోలు వైపు. కాలేజీలో ఒకే బెంచీ మాది. గవర్నమెంటు స్కూల్లో టీచరు. "మీవాళ్ళు", "మావాళ్ళు" అన్న మాట మా మధ్య ఎప్పుడూ రాలేదు, బహుశా ఇద్దరం రానివ్వలేదు. గొడవ మర్నాడు పొద్దున్నే ఫోన్ చేశాను. ఆవకాయ పెట్టావా అంది. కారం ఈసారి బాలేదంది. పావుగంట ఆవకాయే మాట్లాడుకున్నాం. అంత భయంగా ఆవకాయ గురించి నేనెప్పుడూ మాట్లాడలేదు.

జూన్ 24న మంత్రివర్గం ఆ పేరునే ఆమోదించాక ఒకరోజు తనే వచ్చింది. మావయ్యగారు కుర్చీలో ఉన్నారు. వాళ్ళ స్టాఫ్‌రూములో ఎవరో అడిగారట, "ఈ పేరువల్ల మీకేమొస్తుందండీ, ఇళ్ళొస్తాయా, ఉద్యోగాలొస్తాయా?" అని. మావయ్యగారు అడిగిన ప్రశ్నే అది, ఇంచుమించు అవే మాటలు. నేను ఊపిరి బిగబట్టాను.

"ఏం చెప్పావే?" అన్నాను.

"ఏమీ రావండీ అన్నాను. ఏమీ రాకపోయినా మా నాన్న ఉంటే ఆ రోజు కొత్త చొక్కా వేసుకునేవాడు అన్నాను. తర్వాత నేనూ అడిగాను. ఆ పేరు పెడితే మీకు పోయేదేమిటండీ అని."

"ఏమన్నారు?"

"బెల్లు కొట్టారు."

మావయ్యగారు ఏమీ మాట్లాడలేదు. కాసేపాగి, "మీ నాన్నగారు ఏం చేసేవారమ్మా?" అని అడిగారు. అన్నేళ్ళుగా మా ఇంటికి వస్తున్న మనిషిని ఆయన ఆ మాట అడగడం అదే మొదటిసారి. వాళ్ళు అరగంట మాట్లాడుకున్నారు. పేరు గురించి కాదు, వాళ్ళ నాన్న చేసిన పాలేరుతనం గురించీ, 1986 గోదావరి వరదల గురించీ. మావయ్యగారి అభిప్రాయం మారిందా అంటే, మారలేదు. ఇప్పటికీ ఉత్తరం మీద కోనసీమ జిల్లా అనే రాస్తారు. "ఒరిగేదేమిటి" అన్న మాట మాత్రం ఆయన నోట మళ్ళీ వినలేదు.

తర్వాత మా అమ్మాయి రాజ్యాంగసభ ప్రసంగాలు చదివి ఒక సంగతి చెప్పింది. 1948 నవంబరు 4న అంబేడ్కర్ గారు రాజ్యాంగ నీతి గురించి మాట్లాడుతూ, అది మనిషికి సహజంగా పుట్టే భావం కాదు, పెంచి పోషించుకోవలసినది అన్నారట. ఆయన పడిక్కట్టుగా లా చదివిన మనిషి, అయినా దాన్నొక భావంగానే చెప్పారు చూడండి. ఏడాది తర్వాత అదే సభలో, రాజకీయాల్లో వీరపూజ వద్దనీ హెచ్చరించారు. ఇది విని మావారు "చూశావా, ఆయనే వద్దన్నాడు" అని ఉత్సాహంగా అందుకున్నారు. "అయితే మీ హీరోగారి ఫ్లెక్సీ దించెయ్యండి" అంది అమ్మాయి. ఆ సంభాషణ అక్కడితో ముగిసింది.

ఇప్పుడు మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నాం. పార్టీ మీద గానీ మనిషి మీద గానీ ఎవరైనా ఒక మాట అంటే, పేరు మార్చి అదే మాట మళ్ళీ చెప్పాలి. మన పార్టీ పేరు పెట్టి, మన కులం పేరు పెట్టి. అప్పుడూ అంతే గట్టిగా చెప్పగలిగితే సరే. 2024 ఎన్నికలప్పుడు ఈ పద్ధతివల్ల ఇల్లు చాలా ప్రశాంతంగా ఉంది, ఎందుకంటే సగం మాటలు సగంలోనే ఆగిపోయాయి. మావారు మోసం చేస్తారు, పేరు మార్చి చెప్పేటప్పుడు గొంతు తగ్గించేస్తారు.

ఇది రాస్తున్నానని నా స్నేహితురాలికి చెప్పాను. "రాసుకో, కానీ నన్ను మరీ మంచిదాన్ని చెయ్యకు" అంది. ఆ మంగళవారం మధ్యాహ్నం తనకీ ఒక వీడియో వచ్చిందట, మావాళ్ళ కుర్రాళ్ళు వాళ్ళవాళ్ళని కొడుతున్నట్టు. చూడగానే ఒళ్ళు మండిపోయి పదకొండు మందికి పంపేసిందట. ఆ వీడియో ఎక్కడిది అని అడిగాను.

"ఇప్పటికీ తెలీదే" అంది. "భాష కూడా మనది కాదు."