రిప్పన్ ప్రభువు ఎస్టేటులో ఒక చర్చి

చెన్నై సెంట్రల్ స్టేషన్లో దిగినవాళ్ళకు పక్కనే కనిపించే తెల్లని రిప్పన్ బిల్డింగు తెలుసు. 1913లో పూర్తయిన ఆ నగరపాలక భవనానికి పేరిచ్చిన వైస్రాయి ఎస్టేటు చూడాలని నాకు చాలాకాలంగా కోరిక. అది ఇంగ్లండులో, యార్క్‌షైరులోని రిప్పన్ పట్నానికి కొద్ది మైళ్ళ దూరాన ఉంది. పేరు స్టడ్లీ రాయల్.

గేటు దాటితే బారులు తీరిన లైమ్ చెట్ల నడుమ పొడవాటి బాట. పేరుకు లైమే గాని మన నిమ్మకూ వాటికీ ఏ చుట్టరికమూ లేదు! అటూ ఇటూ జింకలు మేస్తున్నాయి. బాట చివర మిట్టమీద సెయింట్ మేరీ చర్చి శిఖరం, 150 అడుగుల పైమాటే. వెనక్కి తిరిగితే బాటకు సూటిగా, దూరాన, రిప్పన్ పెద్ద చర్చి గోపురాలు.

ఇంత అందం వెనుక ఒక దుఃఖం ఉంది. 1870 ఏప్రిల్లో గ్రీసు దేశంలో మారథాన్ చూడబోయిన ఒక బృందాన్ని బందిపోట్లు పట్టుకున్నారు. ఆడవాళ్ళను వదిలేశారు. డబ్బు తెమ్మని ఒక ప్రభువును పంపారు. బేరం తెగకముందే సైన్యం వెంటపడింది. దొంగలు నలుగురు బందీలను చంపేశారు. అందులో ఫ్రెడరిక్ వైనర్ ఒకడు. 23 ఏళ్ళవాడు, రిప్పన్ ప్రభువుకు స్వయానా బావమరిది. అతణ్ణి విడిపించడానికి కూడబెట్టిన డబ్బే చర్చి అయిందంటారు. తల్లి దగ్గరలోని స్కెల్టన్‌లో ఒకటి కట్టించింది; అక్కగారైన లేడీ రిప్పన్ ఇక్కడ ఇంకొకటి. రెండింటికీ వాస్తుశిల్పి విలియం బర్జెస్.

లోపల జనం కూర్చునే భాగం సాదాగా ఉంది. పైన చెక్క కప్పు, అంతే. నాలుగడుగులు ముందుకు వేస్తే ఒక్కసారిగా రంగులు! మన గుళ్ళలో లోపలికి పోయేకొద్దీ చీకటి చిక్కబడుతుంది. ఇక్కడ వెలుగు చిక్కబడుతుంది. కిటికీలకు రెండు పొరలు. వెలుపల రంగుటద్దాలు, కొంత ఎడంగా లోపల మరో రాతి అల్లిక. పైన బంగారు కప్పులో దేవదూతలు బారులు తీరారు. పాటగాళ్ళ బల్లలమీద చిలుకలు చెక్కారు! మనిషి పోగొట్టుకున్న స్వర్గం, తిరిగి పొందిన స్వర్గం, ఇదీ బర్జెస్ ఎత్తుకున్న కథ. ఆడంబరం ఒక పాలు ఎక్కువయిందనే నాకు తోచింది. కాని బిడ్డను పోగొట్టుకున్న ఇంటివారికి స్వర్గం కొంచెంగా చూపిస్తే సరిపోతుందా?

చిత్రమేమంటే, 1871లో మొదలైన పని సాగుతుండగానే, 1874లో రిప్పన్ ప్రభువు ఆంగ్ల మతశాఖ విడిచి కాథలిక్కు అయ్యాడు. పని మాత్రం ఆగలేదు, 1878లో పూర్తయింది. రెండేళ్ళకు ఆయన వైస్రాయి అయి మన దేశం వచ్చాడు. దేశభాషా పత్రికల నోరు నొక్కిన చట్టాన్ని 1882లో రద్దు చేయించాడు. మునిసిపాలిటీలకూ లోకల్ బోర్డులకూ స్వపరిపాలన దారి చూపాడు.

1909లో పోయాక ఆయనను ఈ చర్చిలోనే, భార్య పక్కన ఉంచారు. తాను విడిచిన శాఖవారి చర్చిలో, పాలరాతి ప్రతిమలై ఇద్దరూ పక్కపక్కన పడుకున్నారు. ఇప్పుడిది ఊరి చర్చి కాదు, పాతకట్టడంగా కాపాడుతున్నారు. దగ్గరలోని ఫౌంటెన్స్ మఠం శిథిలాలు చూసి చాలామంది అటునుంచి అటే పోతారు. మీరు వెళ్తే ఈ మిట్ట కూడా ఎక్కండి. పిల్లలుంటే చిలుకలు చూపించడం మరవకండి.