చెయ్యేటి ఒడ్డున తెగిన కట్ట

రాజంపేట నుంచి బాదనగడ్డకు వెళ్లే దారిలో అరటి తోటలు, నిమ్మ తోటలు పలకరిస్తాయి. అన్నమయ్య ప్రాజెక్టు దగ్గరికి చేరేసరికి ఆ పచ్చదనం మనసులోంచి చెరిగిపోతుంది. నది మీద ఐదు గేట్ల కాంక్రీటు కట్టడం నిలబడే ఉంది. పక్కన ఉండాల్సిన మట్టికట్ట మాత్రం లేదు. చెయ్యేరు ఇప్పుడు గేట్లతో పనిలేకుండా ఆ గండిలోంచే పోతోంది.

తెగిన అంచు దగ్గర చాలాసేపు కూర్చున్నాను. పైన రాతి పేర్పు, దాని కింద పొరలు పొరలుగా తొక్కిన మట్టి. వేలితో గీరితే రాలుతోంది. ఎంత గట్టి మట్టికట్టయినా తన మీదుగా నీళ్లు పొర్లితే తట్టుకోలేదు. పొర్లిన నీరు వెనక వాలును కోస్తుంది, కోత పెరిగి గండి అవుతుంది. 1979లో గుజరాత్‌లోని మోర్బీ దగ్గర మచ్ఛు ఆనకట్టకు జరిగిందీ ఇదే. అక్కడా గేట్ల కట్టడం నిలిచింది, మట్టికట్టలు పోయాయి.

బాహుదా, పింఛా ఏర్లు కలిస్తే చెయ్యేరవుతుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే కనిపించే ఈ ఏరు శేషాచలం కొండల్లో కుంభవృష్టి కురిస్తే ఒక్క రాత్రిలో మారిపోతుంది. 2021 నవంబరులో అదే జరిగింది. ఎగువన పింఛా ప్రాజెక్టు రింగ్ బండ్ తెగింది. 19వ తేదీ తెల్లవారుజామున, కార్తీక పౌర్ణమి వేళ, ఇక్కడి కట్టా తెగింది. పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట, గుండ్లూరు మీద నీళ్లు పడ్డాయి. 30 మందికి పైగా చనిపోయారు. శివాలయంలో దీపాలు పెట్టడానికి వెళ్లినవాళ్లూ అందులో ఉన్నారు. నందలూరు దగ్గర ఆర్టీసీ బస్సులు వరదలో చిక్కుకున్నాయి.

స్పిల్‌వే మోయగలిగిన దానికి ఒకటిన్నర రెట్లు వరద వచ్చిందని, ఐదు గేట్లలో ఒకటి పనిచేయలేదని ఆ డిసెంబరులో కేంద్ర జలశక్తి మంత్రి రాజ్యసభలో చెప్పారు. ఆనకట్టల భద్రత బిల్లు మీద చర్చ అది. ఊహించని వరద అన్నది రాష్ట్రం మాట. వరద ఊహకు అందలేదంటే ఒప్పుకుంటాను. గేటు సంగతి అలా కాదు. అది కదులుతుందో లేదో వానలకు ముందే తెలుసుకోవచ్చు.

రెండు టీఎంసీలకు పైగా నీళ్లు పట్టే జలాశయం ఇది. కాలువ నీళ్లకూ, చుట్టుపక్కల భూగర్భ జలానికీ అదే ఆధారంగా ఉండేది. ఏటి ఒడ్డున కలిసిన ఒక పెద్దాయన మాటల్లో: "కట్ట ఉన్నప్పుడు ఎండాకాలంలో గూడా బోరు ఆగేది కాదు సార్. ఇప్పుడు సంక్రాంతి దాటితే భయం పట్టుకుంటాది." ఆయన పొలంలో వరద పోసిన ఇసుక మేట ఒక మూల ఇంకా అలాగే ఉంది.

కరవు సీమలో ఇంత నీటిని ఏటా వదులుకోవడం అన్యాయం. కట్టను మళ్లీ కట్టాలి, ఈసారి 2021 వరదను లెక్కలోకి తీసుకుని కట్టాలి. ఏటా వానలకు ముందు ప్రతి గేటునూ ఎత్తి దించి చూడాలి. ఆ పని జరిగిందని పులపత్తూరు, మందపల్లి జనానికి ఊళ్లోకి వచ్చి చెప్పాలి.