విమానంలో ఒడిపాప

పిల్లలూ! ఐదేళ్ళ లోపు పిల్లలకు రైలులో టిక్కెట్టు అక్కరలేదు. ఐదు నుంచి పన్నెండేళ్ళ లోపు వారు వేరే బెర్తు అడగకపోతే అరటిక్కెట్టు చాలు. ఈ లెక్క బందరులో అందరికీ తెలిసినదే. విమానం లెక్క మాత్రం వేరు. ఒక సంక్రాంతికి నేను దాన్ని గన్నవరంలో నేర్చుకున్నాను.

ఆ పండుగకు మా అమ్మాయి హైదరాబాదు నుంచి పిల్లలతో వచ్చింది. మనుమడికి పదకొండేళ్ళు. జనవరి 12న పాపకు రెండేళ్ళు నిండాయి. వీధి వీధంతా బందరు లడ్డు పంచాం. 17వ తేదీకి తిరుగు టిక్కెట్లు నేనే కొన్నాను. "పాప ఒళ్ళో కూర్చుంటుంది" అని చెప్పి, దానికి సీటు తీసుకోలేదు.

ఉదయమే కారులో బయలుదేరాం. కలంకారీ అద్దకానికి పేరుపడ్డ పెడన, ఆపైన గుడ్లవల్లేరు, గుడివాడ దాటాం. దారి పొడుగునా కాలవలు; వరి కోసిన చేలలో పచ్చగా మినుము. హనుమాన్ జంక్షను దగ్గర పెద్దరోడ్డు ఎక్కి గన్నవరం చేరాం. రెండవ ప్రపంచయుద్ధంలో సైన్యం వాడుకున్న ఈ విమానాశ్రయానికి 2017లో అంతర్జాతీయ హోదా వచ్చింది.

టిక్కెట్టు లేనివారిని లోపలికి పోనివ్వరు గనుక నేను గుమ్మం బయటే నిలబడ్డాను. కొంతసేపటికి అమ్మాయి పిల్లలతో వెనక్కి వచ్చింది.

"నాన్నా, పాపకు రెండేళ్ళు నిండాయి కదా, సీటు ఉండాలట. పండుగ రద్దీ, ఒక్క సీటూ ఖాళీ లేదు."

మనుమడి ముఖం చిన్నబోయింది. "తాతయ్యా, రేపు మా బడిలో చదరంగం పోటీ. నేనొక్కణ్ణే వెళతాను. నాన్న అక్కడికి వస్తాడుగా!"

"అదీ అడిగాను," అంది అమ్మాయి. "పన్నెండు నిండితేనే ఒంటరిగా ఎక్కనిస్తారట. అంతకంటే చిన్నవాళ్ళయితే ముందుగా చెప్పి, రుసుము కట్టి, ఇక్కడ అప్పగించేవారి పేరూ, అక్కడ తీసుకువెళ్ళేవారి పేరూ రాసి ఇవ్వాలట."

చేసేది లేక వెనక్కి తిరిగాం. గుడివాడ దాటేదాకా మనుమడు నాతో మాట్లాడలేదు.

ఈ నియమాలు ఎందుకో తెలుసా? విమానం ఒక్కసారి కుదిపితే, ఒళ్ళో ఉన్న బిడ్డను చేతులతో ఆపడం కష్టం. అందుకే ఒడిపాపకు చిన్న బెల్టు ఇచ్చి, తల్లి బెల్టుకు తగిలిస్తారు. బిడ్డ పెరిగి బరువెక్కితే ఆ ఏర్పాటు చాలదు. రెండేళ్ళు నిండితే సొంత సీటు, సొంత బెల్టు ఉండాలన్నది చాలా దేశాలలో నియమం. పెద్దవారు ఒక్కొక్కరి ఒడిలో ఒక్క బిడ్డే ఉండాలి. కవలలతో తల్లి ఒక్కతే వెళితే, ఒకరికి సీటు కొనవలసిందే.

పుట్టి కొద్ది రోజులైనా కాని పసికందును అసలు ఎక్కించుకోరు. పైకి వెళ్ళినపుడు విమానంలోని గాలి ఊటీ కొండమీది గాలి అంత, ఒక్కొక్కప్పుడు అంతకంటే కొంచెం ఎక్కువ పలచబడుతుంది. పసికందు ఊపిరితిత్తులకు అది శ్రమ. విమానం దిగేటప్పుడు చెవులు దిబ్బళ్ళు వేస్తాయి. మనం గుటక వేస్తే సర్దుకుంటాయి. పసివాళ్ళకు ఆ సంగతి తెలియదు. అందుకే అప్పుడు పాలు పట్టాలి.

ఇందులో వయసు టిక్కెట్టు కొన్న నాటిది కాదు, ప్రయాణం చేసే నాటిది. వెళ్ళే రోజు ఒకటి, తిరిగివచ్చే రోజు ఒకటి; రెండూ విడివిడిగా లెక్కించాలి. ఏళ్ళ తరబడి అడ్మిషన్ రిజిస్టరులో పిల్లల పుట్టినతేదీలు రాసినవాణ్ణి, నా మనుమరాలి తేదీ దగ్గరే పొరపడ్డాను! విమాన సంస్థవారిది ఏ తప్పూ లేదు.

మరి మీకో లెక్క. ఒక పాప 2025 మార్చి 10న పుట్టింది. అమ్మతో 2027 మార్చి 1న విమానంలో వెళ్ళి, మార్చి 15న తిరిగి వస్తుంది. పాపకు ఎటు వెళ్ళేటప్పుడు సీటు కొనాలి? మా మనుమడు ఈ లెక్కకు ఇట్టే జవాబు చెప్పాడు. మీరూ చెప్పగలరు.