బొంత – స్వత్వ నివృత్తి

భగవద్గీత ద్వితీయాధ్యాయంలోని జీర్ణవస్త్ర దృష్టాంతం సుప్రసిద్ధం. దేహి ఒక దేహాన్ని వీడి మరొక దేహాన్ని పొందడాన్ని, మనిషి పాత వస్త్రాన్ని విడిచి కొత్తది ధరించడంతో పోల్చడం అక్కడి తాత్పర్యం. విడిచిన ఆ వస్త్రం ఏమవుతుందన్న ప్రశ్న అక్కడ ప్రస్తుతం కాదు. గృహస్థాశ్రమంలో మాత్రం దానికి తరతరాలుగా ఒక సమాధానం ఉంది. తెలుగు లోగిళ్ళలో దాని పేరు బొంత, సంస్కృతంలో కంథ. సర్వసంగ పరిత్యాగి భుజాన వేసుకునేదీ కంథయే, అప్పుడే పుట్టిన శిశువు కింద పరిచేదీ కంథయే. ఏమీ తనది కాదనుకున్నవానికీ, ఇంకా ఏదీ తనదిగా ఎరుగనివానికీ ఒకే వస్త్రం విహితం కావడం ఆలోచించదగిన విషయం.

పసిపాప బొంతకు కొత్త గుడ్డ పనికిరాదు. గంజి బిగువు పోయి, ఏళ్ళ తరబడి ఉతుకులకు పోగు మెత్తబడిన నూలు చీరయే కావాలి. సుమారు 5.5 మీటర్ల చీరను 5 సమఖండాలుగా కత్తిరిస్తే ఒక్కొక్కటి 1.1 మీటర్లు వస్తుంది. చీర వెడల్పు కూడా దాదాపు అంతే కనుక, ఒక్క చీరతోనే ఐదు పొరల చతురస్రం సిద్ధిస్తుంది. చిరుగులున్న ఖండాలను మధ్య పొరలలోను, దిటవుగా ఉన్నవాటిని పైన, అడుగున ఉంచాలి. చాపమీద పరిచి, ముడుతలు లేకుండా అరచేతితో సాపుచేసి, నాలుగు మూలలా బరువు పెట్టి, మొదట పొడవైన కచ్చా కుట్లతో పొరలను నిలపాలి. తరువాత మధ్యనుంచి అంచులవైపు కుట్టుకుంటూ పోవాలి. అంచుతో మొదలుపెడితే గుడ్డ నడుమ ఉబ్బుతుంది. పెద్ద బొంతకు దబ్బనం అవసరమవుతుంది కాని, దీనికి పొడవాటి సూది చాలు. వరుసకూ వరుసకూ రెండు వేళ్ళ ఎడం ఉంటే సరిపోతుంది. ముడిని పొరల నడుమకు లాగి దాచాలి. పైన ఉంటే శిశువు చర్మానికి ఒరుసుకుంటుంది. వంగదేశపు గృహిణులు తమ కాంథాలకు పాత చీరల అంచులనుంచి లాగిన రంగుపోగులనే దారంగా వాడేవారు. అక్కడ దారం కూడా జీర్ణవస్త్రమే.

తంతువులకూ పటానికీ గల సంబంధం మన దర్శనాలకు చిరపరిచితమైన ఉదాహరణ. తార్కికులు తంతువులను పటానికి సమవాయి కారణమనీ, తంతు సంయోగాన్ని అసమవాయి కారణమనీ, నేతగాణ్ణీ మగ్గాన్నీ నిమిత్త కారణాలనీ విభజించారు. వారి మతంలో పటం తంతువులకంటె భిన్నమైన నూతన కార్యం. వేదాంతి దీనిని అంగీకరించడు. తంతువులను తీసివేస్తే పటమనేది వేరుగా ఎక్కడా దొరకదంటాడు. బృహదారణ్యకంలో గార్గి యాజ్ఞవల్క్యుణ్ణి అడిగినది కూడా నేత పరిభాషలోనే: ఇదంతా దేనియందు పడుగు పేకలుగా అల్లబడి ఉంది అని. ఈ చర్చ పండితసభలకే పరిమితం కాదు. వెన్ను వంచి బొంత కుట్టే గృహిణి ఒడిలోకి కూడా వస్తుంది.

గోదావరి తీరగ్రామంలో ఒక వృద్ధురాలు, మనుమరాలికి కాన్పు కాబోతున్నదని తెలిసి, అటువంటి బొంత కుట్టింది. పైపొరకు తన చీర, లోపలి పొరలకు గతించిన భర్త పంచెలు. చూపు మందగించినందున ఉదయపు వెలుగులో మాత్రమే కుట్టేది. దాదాపు రెండు నెలలు పట్టింది. ప్రయాణం చేయలేని దశ కనుక బొంతను బెంగుళూరుకు పంపింది. శిశువు కలిగిన తరువాత ఫోను చేసినప్పుడల్లా ఆమె అడిగే మొదటి మాట, బాబును బొంతమీద పడుకోబెట్టారా అని. ఫొటో ఒకటి పంపమని రెండవ మాట. కొన్నాళ్ళు మాట దాటవేసిన మనుమరాలు చివరకు చెప్పింది: “అమ్మమ్మా, పక్కమీద మెత్తటివీ వదులుగా ఉండేవీ ఏవీ వేయవద్దని డాక్టరుగారు అన్నారు. ఊపిరికి అడ్డం వస్తాయట. బొంత బీరువాలో జాగ్రత్తగా పెట్టాను.”

ఆ వైద్యోపదేశం సమంజసమైనదే. వృద్ధురాలికీ అది తెలియకపోలేదు. అయినా ఆ పూట ఆమెకు అన్నం సహించలేదు. భర్త పంచెలు బీరువాలో మడతపడి ఉన్నాయన్న తలంపు ఆమెను బాధించింది.

ధర్మశాస్త్రం దానాన్ని నిర్వచిస్తూ రెండు అంశాలను చెబుతుంది: దాత స్వత్వం నివర్తించడం, ప్రతిగ్రహీత స్వత్వం ఏర్పడడం. మొదటిది జరగకుండా రెండవది పూర్ణం కాదు. బొంత బెంగుళూరు చేరింది. దానిపై స్వత్వం గోదావరి తీరంలోనే నిలిచిపోయింది. గీత సప్తదశాధ్యాయం ప్రత్యుపకారాపేక్షతో ఇచ్చినదాన్ని రాజసమంటుంది. ప్రత్యుపకారమంటే ధనమే కానక్కరలేదు. ఒక్క ఫొటో కూడా ప్రత్యుపకారమే. చేతిపనితో కానుకలిచ్చేవారికి ఈ సూక్ష్మం మరీ ముఖ్యం. కొన్న వస్తువును ఇచ్చి మరచిపోవడం సులభం. కుట్టిన వస్తువులో వేళ్ళ నొప్పి, గడచిన ఉదయాలు, పోయినవారి స్మృతి కూడా కుట్టబడి ఉంటాయి. అందుకే అది విలువైన కానుక. అందుకే విడవడం కష్టమైన కానుక.

బ్రహ్మసూత్రాల ద్వితీయాధ్యాయ ప్రథమపాదంలో 19వ సూత్రం పటాన్నే దృష్టాంతంగా తీసుకుంది. చుట్టిన పటం ఇదమిత్థమని తెలియదు, పరిస్తే స్పష్టమవుతుంది. అయినా చుట్టినదీ పరచినదీ భిన్నం కావని శంకరుల వివరణ. కార్యకారణ అభేదాన్ని నిరూపించడానికి చెప్పిన దృష్టాంతమిది, దుఃఖిని ఓదార్చడానికి కాదు. అయినా బీరువాలో మడతపడిన బొంత బొంత కాకుండా పోలేదన్నంత మేరకు అది ఇక్కడ అన్వయిస్తుంది. దాన్ని పరిచే కాలాన్ని నిర్ణయించే అధికారం మాత్రం ఇచ్చినవారిది కాదు.

వృద్ధురాలి మమకారం ఒక్కరోజులో తొలగలేదు. కొన్ని వారాలకు ఫోనులో మొదటి ప్రశ్న మారింది. బాబు పాలు సరిగా తాగుతున్నాడా అని అడగసాగింది. మిగిలిన గుడ్డలతో మరొక చిన్న బొంత కుట్టి, వీధిలో కూరలమ్మే ఆమె మనుమరాలికి ఇచ్చింది. “నేలమీద పరుచుకో, ఒళ్ళో వేసుకో, పనికిరాకపోతే చింపి తుడుపుగుడ్డ చేసుకో” అని చెప్పింది. తరువాత దాని ఊసెత్తలేదు. చేత కుట్టిన వస్తువును కానుకగా ఇచ్చేవారు ఆ చివరి మాటను నిజంగా అనగలిగితే, దానంలోని పూర్వార్ధం నెరవేరినట్లే.