వద్దన్నా కూర్చోబెట్టండి!

ఏమండోయ్, కొత్త కెమెరా కొన్నారట! వీధి వీధంతా చెప్పుకుంటోంది, మాకు మాత్రం చూపించలేదు. సరే, ఆ అలక తర్వాత. ముందిది చెప్పండి, మొహాలు తీస్తున్నారా లేదా? పూలూ పిట్టలూ ఎక్కడికీ పోవు. మనిషి మొహంలో ఉన్న రుచి ఇంకెక్కడుందండీ!

అప్పుడే లెన్స్ గోల మొదలెట్టకండి. 50 ఎంఎం ఒకటుంటే మహారాజులా సరిపోతుంది. కెమెరాతో వచ్చిన లెన్సేనా? దాన్నే 55 దాకా తిప్పి రెండడుగులు వెనక్కి జరగండి. 18 దగ్గర పెట్టి మొహం మీదకి వెళ్లారో, మీ బావగారి ముక్కే ఫోటో అంతా ఆక్రమిస్తుంది. ఆయన పండక్కి రాకపోతే నన్ననకూడదు!

ఇక వెలుగు. మిట్టమధ్యాహ్నం డాబా ఎక్కిస్తారేమిటండీ? కళ్లు గుంటలు పడతాయి, ముక్కు కింద మీసంలా నీడ. ఇంటికి వీధి గుమ్మం లేదూ? ఎండ నేరుగా లోపలికి పడని వేళ చూసి, ట్యూబ్‌లైటు ఆర్పేయండి. గుమ్మానికి ఒకడుగు లోపల, పక్కవాటుగా కుర్చీ వేసి అమ్మమ్మని కూర్చోబెట్టండి. మొహం మెల్లగా వెలుగువైపు తిప్పమనండి. ఇంకాస్త... ఆగండి, అదీ! అవతలి చెంప మీద, కంటి కింద, చిన్న ముక్కోణం వెలిగిందా? దీన్నే రెంబ్రాంట్ లైటింగ్ అంటారు. 17వ శతాబ్దంలో ఆ డచ్చి చిత్రకారుడు ఇలాంటి వెలుగుతోనే మొహాలు గీశాడు. అవతలివైపు మరీ చీకటైతే మనవడికో థర్మోకోల్ అట్ట ఇచ్చి, వెలుగు తిరిగి మొహం మీద పడేలా అటు నిలబెట్టండి.

ఫోకస్ ఎక్కడా? మీకు దగ్గరగా ఉన్న కంటి మీద. ఆ కనుపాపలో గుమ్మం చిన్న మెరుపై కనిపిస్తోందేమో చూడండి. అది లేకపోతే ఎంత చక్కని కళ్లయినా కళ తప్పుతాయి. షట్టర్ సెకనులో 200వ వంతు దగ్గర ఉంచండి, ఐఎస్ఓ పెరిగితే పెరగనివ్వండి. కాస్త గరుకుతనం ఫరవాలేదు, మొహం చెదిరితేనే చేసేదేం లేదు.

మీకు దణ్ణం పెడతాను, "స్మైల్ ప్లీజ్" మాత్రం అనకండి. నవ్వమంటే ఎవరికొస్తుందండీ నవ్వు? అమ్మమ్మని ఆవకాయ కొలతలు అడగండి. చేతులు లేస్తాయి, కనుబొమలు ఆడతాయి. మాట ముగించి "తెలిసిందా?" అన్నట్టు మీవైపు చూస్తుందే, అప్పుడు నొక్కండి!

1941లో ఒట్టావాలో యూసఫ్ కార్ష్ అనే ఫోటోగ్రాఫర్ ఏం చేశాడో తెలుసా? బ్రిటన్ ప్రధాని చర్చిల్ నోట్లోంచి చుట్ట లాగేశాడు. ఆయన గుర్రుమని చూశాడు. ఆ చూపే ప్రపంచమంతా తిరిగింది. మీరు మాత్రం తాతగారి చుట్ట జోలికి పోకండి.

మన హైదరాబాద్‌లో లాలా దీన్‌దయాళ్ దారి వేరు. ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ ఆయన. పరదా పాటించే స్త్రీల కోసం 1892లో అక్కడే జెనానా స్టూడియో పెట్టించి, దాన్ని ఒక మహిళ చేతికే అప్పగించాడు. ఎదుటి మనిషి బిడియం పోతేనే ఫోటో పండుతుందండీ. ఆ బిడియం పోగొట్టడమే మనం నేర్వాల్సిన విద్యంతా, మిగతావి మీటలు.

అందుకే ఒకే మనిషిని, ఒకే గుమ్మంలో, పొద్దునోసారి, సాయంత్రమోసారి తీయండి. పక్కపక్కన పెట్టి చూస్తే వెలుగే పాఠం చెబుతుంది. బాగున్నది ప్రింటు వేయించి వాళ్ల చేతికే ఇవ్వండి. రెండోసారి వాళ్లే కుర్చీ తెచ్చుకుంటారు.

ఇంకా ఇక్కడే ఉన్నారేం? వెలుగుండగానే వెళ్లి ఎవరినో ఒకర్ని పిలవండి. "ఇప్పుడా! జుట్టు దువ్వుకోలేదు" అంటారు. అందరూ అనేదే! దువ్వెన చేతికిచ్చి కూర్చోబెట్టండి.