ఉప్పుచేప తినవచ్చునా?

"డాక్టరుగారూ, బి.పి. ఉన్నవాళ్ళు ఉప్పుచేప తినవచ్చునా?"

సముద్రానికి దగ్గరగా ఉన్న ఏ ఆసుపత్రిలోనైనా ఈ ప్రశ్న వినపడని రోజు ఉండదు. "కూడదు" అని ఒక్కమాటలో చెప్పి తరువాతి రోగిని పిలవడం డాక్టరుకు తేలిక. కాని ఆ మాట ఆసుపత్రి గేటు దాటేవరకే పనిచేస్తుంది. ఇంట్లో పప్పుచారు కలుపుకునే వేళకు నిప్పుల మీద ఉప్పుచేప కాలుతున్న వాసన వస్తుంది. అది పక్కింటిదైనా చాలు. పది రోజులు నోరు కట్టుకున్న మనిషి పదకొండోనాడు రెండు ముక్కలు తినేచోట నాలుగు తింటాడు. ఆ సంగతి డాక్టరుకు చెప్పడు. చెప్పకపోవడం వల్ల మాత్రలు పెరుగుతాయి.

అందుకని నేను ఎదురు ప్రశ్నలు వేస్తాను. ఏ చేప? ఎంత ముక్క? వారానికి ఎన్నిసార్లు? దాంతోబాటు కంచంలో ఇంకేమి ఉన్నాయి?

ఏ చేప అన్నది ముందు తేల్చుకోవాలి. ఎండుచేపలన్నీ ఉప్పుచేపలు కావు. నెత్తళ్ళు, రొయ్యపొట్టు వంటి చిన్నవాటిని సాధారణంగా ఉప్పు లేకుండానే ఇసుకతిన్నెల మీదనో, వలల మీదనో పరచి ఎండబెడతారు. వాటిలో సముద్రపు నీటి తాలూకు కొద్దిపాటి ఉప్పు తప్ప వేరే ఉండదు. సొర, వంజరం వంటి పెద్దచేపలు ఎండేలోగా కుళ్ళిపోతాయి గనుక కోసి ఉప్పు పట్టించక తప్పదు. ఉప్పు చేపలోని నీటిని బయటకు లాగేస్తుంది. నీరు లేనిచోట సూక్ష్మజీవులు బతకలేవు. ఇంత సులువైన కిటుకు మీద కొన్నివేల ఏళ్ళుగా మానవజాతి ఆధారపడి ఉంది. మన తీరంలో నౌపడ, చినగంజాం ఉప్పు కొటార్లు ఒకవైపు, చేపల రేవులు మరొకవైపు. ఉప్పు మీద పన్ను ఉన్న ఇంగ్లీషువారి కాలంలో మద్రాసు ప్రెసిడెన్సీ ప్రభుత్వం చేపలకు ఉప్పు పట్టించడానికి ప్రత్యేకంగా యార్డులు పెట్టించి, అక్కడ జాలరులకు పన్ను లేని ఉప్పు ఇప్పించింది. చేపకు ఉప్పు ఎంత అవసరమో ఆ సర్కారుకు కూడా తెలుసునన్నమాట.

చేపలో నీటిని లాగిన ఉప్పు మన ఒంట్లోకి వచ్చాక తన గుణం మానుకోదు. రక్తంలో సోడియం పెరిగితే దాన్ని పలచబరచడానికి శరీరం నీటిని నిలబెట్టుకుంటుంది. దాహం వేస్తుంది, నీళ్ళు తాగుతాం. మూత్రపిండాలు చురుకుగా ఉన్న పాతికేళ్ళ కుర్రవాడు ఆ ఉప్పును మరునాటికల్లా చాలావరకు బయటకు పంపేస్తాడు. యాభై దాటినవారికీ, రక్తపోటు ఉన్నవారికీ ఆ పని అంత చప్పున జరగదు. రక్తనాళాలలో ద్రవం పెరిగి, గుండె ఎక్కువ ఒత్తిడితో నెట్టవలసి వస్తుంది.

ఇక లెక్కకు వద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవారికి రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలునంటుంది. అంటే గొరిగిన చెంచాడు. అది వంటలో వేసినదీ, పచ్చళ్ళలో ఉన్నదీ, బజారు తిండిలో దాగినదీ అన్నీ కలిపి సుమా! మన దేశంలో సగటు మనిషి దీన్ని బాగా మించి తింటున్నాడని సర్వేలు చెబుతూనే ఉన్నాయి. ఉప్పు పట్టించి ఎండబెట్టిన చేప బరువులో నూటికి 10 మొదలు 20 పాళ్ళ దాకా ఉప్పు ఉండవచ్చు. 30 గ్రాముల చిన్నముక్కలో 3 నుంచి 6 గ్రాములన్నమాట. రోజు మొత్తానికి సరిపడే ఉప్పు ఒక్క ముక్కలోనే వచ్చి కూర్చుంది. దాని పక్కన చెంచాడు ఆవకాయ, ఒక అప్పడం, ఉప్పు వేసిన పప్పుచారు, చివర్న మజ్జిగలో మరో చిటికెడు. రోగి నన్ను ఉప్పుచేప ఒక్కదాని గురించే అడిగాడు. నేను జవాబు చెప్పవలసింది కంచం మొత్తం గురించి.

ఒక రిటైర్డు ఉద్యోగి మూడు రకాల మాత్రలు వేసుకుంటున్నా రక్తపోటు దిగిరాక మా ఆసుపత్రికి వచ్చారు. మాత్రలు మానలేదు. నిద్రపోతున్నారు, నడుస్తున్నారు. "ఉప్పు బాగా తగ్గించామండీ, కూరల్లో సగమే వేస్తున్నాం" అని ఆయన భార్య చెప్పారు. అదీ నిజమే. కూర చప్పబడ్డది గనుక ముద్ద దిగడానికి ఆయనకు రెండుపూటలా ఉప్పుచేపో, ఊరగాయో వడ్డిస్తున్నారట! ఉప్పుచేపను ఆదివారం మధ్యాహ్నానికి పరిమితం చేసుకుని, ఆ పూట ఊరగాయ, అప్పడం తీసేయమన్నాను. మిగతా రోజుల్లో కూరలో కొంచెం ఉప్పు, దానికి తోడు చింతపండు పులుపో, నిమ్మరసమో, అల్లం వెల్లుల్లి ఘాటో పెంచుకోమన్నాను. నెల తిరిగేసరికి రక్తపోటు దిగింది. మూడో మాత్ర డోసు తగ్గించగలిగాము. ఆయన ఆదివారం కోసం ఎదురుచూడటం నేర్చుకున్నారు. అది ఆయనే నవ్వుతూ చెప్పిన మాట.

వండే పద్ధతి గురించి ఇల్లాళ్ళకు ఒక సంగతి చెప్పాలి. ఉప్పుచేపను ఊరికే పైపైన కడిగి పులుసులో వేస్తే ఉప్పు ఎక్కడికీ పోదు, చేపలోంచి పులుసులోకి మారుతుంది, పులుసు మన కడుపులోకి వస్తుంది. ముక్కలు చిన్నవిగా కోసి, గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ కొత్త నీళ్ళు పోసి నానబెట్టాలి. పారబోసిన నీళ్ళతో పోయిందే నిజంగా పోయిన ఉప్పు. ఆ తరువాత వంకాయతోనో, మామిడికాయతోనో, చింతచిగురుతోనో వండుకోవచ్చు, పులుసులో వేరే ఉప్పు వేయకుండా. "నానబెడితే రుచి పోతుందండీ" అంటారు కొందరు. కొంత పోతుంది, కాదనను. అయినా మిగిలే రుచి తక్కువేమీ కాదు. నూనెలో కరకరలాడేలా వేయించడం కంటే పెనం మీద కాసిని చుక్కలతో కాల్చుకోవడం మేలు.

"ఎండాకాలంలో చెమటతో ఉప్పంతా పోతుంది కదా, అప్పుడైనా తినవద్దా?" అని మరో ప్రశ్న. పొలంలోనో, ఓడరేవులోనో ఎండలో ఒళ్ళు వంచేవారి సంగతి వేరు. వారికి ఉప్పు వేసిన మజ్జిగ అవసరమే. ఫ్యాను కింద కూర్చునేవారికి రోజువారీ తిండిలో ఉన్న ఉప్పే ఎక్కువ. పైగా వేసవిలోనే అన్నీ ఒక్కసారి వచ్చి పడతాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పుతీరంలో మరపడవల మీద వేట నిషేధం. పచ్చిచేప ప్రియమవుతుంది, దాచిన ఎండుచేప బయటకు వస్తుంది. సరిగ్గా అప్పుడే కొత్తావకాయ జాడీ మూత తీస్తారు. మే నెలలో కాళ్ళ వాపులతో వచ్చేవారిని నేను ముందు అడిగేది జాడీ గురించే.

ఇంత చెబుతున్నాను గనుక ఎండుచేప మంచిది కాదనుకోకండి. ఉప్పు లేకుండా ఎండిన నెత్తళ్ళ బరువులో సగానికి సగం మాంసకృత్తులే. ముల్లుతో సహా నమిలి తింటాము గనుక సున్నం దండిగా దొరుకుతుంది. శాకాహారంలో అరుదైన బి-12 విటమిను కూడా ఉంది. మాంసం కొనలేని ఇంటికి గుప్పెడు నెత్తళ్ళు పెద్ద అండ. పథ్యం పేరుతో ఇవన్నీ మాన్పించి, ముసలివారిని చారూ అన్నంతో సరిపెడితే రక్తపోటు సంగతి దేవుడెరుగు, కండలు కరిగిపోయి మంచం దిగలేని స్థితి వస్తుంది. అలాంటి వారినీ చూశాను.

అయితే కొందరికి మాత్రం మితం అన్న మాట వర్తించదు. గుండె బలహీనపడి ఒంటికి నీరు చేరుతున్నవారు, మూత్రపిండాలు దెబ్బతిన్నవారు ఉప్పుచేపను పూర్తిగా మానవలసిందే. ఆదివారం పండుగ కూడా వద్దు. వీరిలో ఒక్కపూట ఉప్పు చాలు, తెల్లవారుజామున ఆయాసంతో ఆసుపత్రికి పరుగెత్తడానికి.

సంతలో ఎండుచేపలు అమ్మే ఒక అవ్వ అలాగే రెండునెలల్లో మూడుసార్లు మా వార్డులో చేరింది. ప్రతిసారీ నీరు లాగే సూదిమందు, ఆక్సిజను, నాలుగు రోజులకు ఇంటికి. మూడోసారి మంచం పక్కన కూర్చుని గట్టిగా చెప్పాను: "అవ్వా, ఈసారి ఉప్పుచేప ముడితే నీ గుండె తట్టుకోలేదు." ఆమె తన అరచేతులు చూపించింది. "ఈ చేతులే ఉప్పు బాబూ. వీటితో అన్నం కలుపుకుంటే ఉప్పు తగలకుండా ఎలా ఉంటాది?" నాకు జవాబు దొరకలేదు. చివరకు మేమిద్దరం ఒక ఒడంబడికకు వచ్చాము. ఉప్పు పట్టించిన చేప ఆమె అమ్మవచ్చు, తినకూడదు. వారానికి ఒకరోజు ఉప్పులేని నెత్తళ్ళు కడిగి, ఉప్పు వేయకుండా వంకాయ పులుసులో వేసుకోవచ్చు. ఉప్పులేని నెత్తడిని ఎలా పోల్చుకోవాలో నాకు చెప్పింది ఆమే! ఉప్పు పట్టినది ముసురు పట్టగానే చెమర్చి మెత్తబడుతుంది, చేతికి బరువు తగులుతుంది. ఉప్పు లేనిది విరిస్తే టక్కున విరుగుతుంది. నాలుక మీద పెట్టుకుంటే ఇక సందేహమే ఉండదు. వైద్య కళాశాలలో ఇది ఎవరూ చెప్పలేదు. తరువాతి ఏడాదిలో ఆమె ఒక్కసారే చేరింది, అదీ మనుమరాలి పెళ్ళి భోజనం తరువాత.

ఇటువంటి రోగులు రోజూ ఉదయం మూత్రానికి వెళ్ళి వచ్చాక, ఏమీ తినకముందు బరువు చూసుకోవాలి. మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. తూకపు మిషను లేనివారు కాలి ఎముక మీద వేలితో నొక్కి చూసుకోండి, గుంట పడితే లెక్క ఒకటే. "తక్కువ సోడియం" అని బజారులో అమ్మే ఉప్పులో పొటాషియం ఉంటుంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికీ, కొన్ని రకాల రక్తపోటు మాత్రలు వాడేవారికీ అది ప్రమాదం. అడగకుండా కొనకండి.

అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులు మరొకటి అడుగుతున్నారు. "మావాడు రోజూ పొద్దున్నే బేకన్ తింటాడట. అది క్యాన్సర్ అంటున్నారు, మరి మన ఉప్పుచేపో?" బేకన్ అంటే పంది పొట్టభాగపు మాంసానికి ఉప్పు, నైట్రైటు పట్టించి, చాలావరకు పొగ కూడా పెట్టి నిలవచేసినది. 2015 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం ఇలా నిలవచేసిన మాంసాలు పెద్దపేగు క్యాన్సర్‌కు కారణమవుతాయని తేల్చింది. రోజూ 50 గ్రాములు తింటే ఆ ముప్పు 18 శాతం పెరుగుతుందని లెక్క. అంటే నూరుమందిలో 5 గురికి వచ్చేచోట సుమారు 6 గురికి. పొగాకుతో ఒకే వర్గంలో చేర్చారు గనుక పొగాకంత ప్రమాదమని కొందరు భయపడ్డారు. ఆ వర్గం చెప్పేది రుజువు ఎంత గట్టిదన్నదే, ప్రమాదం ఎంతన్నది కాదు. మీవాడిని రోజూ మాని, ఎప్పుడైనా సెలవునాడు రెండు పలుచని ముక్కలు తినమనండి. మన ఉప్పుచేపలో నైట్రైటు కలపరు. దక్షిణ చైనాలో పసితనం నుంచీ తినిపించే ఒక రకం ఉప్పుచేప ముక్కు వెనుక భాగపు క్యాన్సర్‌కు కారణమని రుజువైంది. అక్కడ ఉప్పు పట్టించే ముందు చేపను కొంత మాగనిస్తారు. మన చేపను దానితో ఒకే గాటన కట్టలేము. కాని ఉప్పుతో నిలవచేసిన తిండి ఏదైనా రోజూ తింటే కడుపుకు మంచిది కాదు. పసిపిల్లలకు అలవాటు చేయకండి.

క్షయకు ఐసోనియాజిడ్ మాత్రలు వాడుతున్నవారికి ఒక మాట. కానాగడతలు, కవళ్ళు వంటి చేపలు ఎండబెట్టేముందు సరిగ్గా నిలవ ఉండకపోతే వాటిలో హిస్టమిన్ అనే పదార్థం పుడుతుంది. ఎంత ఉడికించినా అది పోదు. ఈ మాత్ర దాన్ని ఒంట్లో విరగనివ్వదు. తిన్న కొద్దిసేపటికే ముఖం ఎర్రబడి, తలనొప్పి, గుండెదడ వస్తే మాత్ర పడలేదనుకుని మందు మానేసేవారున్నారు. మానవలసింది ఆ చేపను. మందు మాత్రం డాక్టరును అడగకుండా ఆపకూడదు. బొటనవేలి కీలు వాచే గౌటు జబ్బు ఉన్నవారు నెత్తళ్ళు కూడా తగ్గించుకోవాలి.

కొనేటప్పుడు ఈగ వాలని చేపను చూసి మురిసిపోకండి. కొన్నిచోట్ల పురుగుమందు చల్లే దురలవాటు ఉంది. తెలిసినవారి దగ్గర కొనండి. కొన్నాక ఒకపూట ఎండలో పెట్టి, గాలి చొరని డబ్బాలో ఉంచండి. ముసురు రోజుల్లో ఉప్పుచేప మీద గులాబీరంగు జిగట పొర కనిపించిందంటే అది చెడినట్టే. కడిగి వండుదామని చూడకండి, పారేయండి.