ఇద్దరు పాడితే పాట

అమ్మా, పిన్నీ మాడుగులలో రేడియో విని నేర్చుకున్న పాటల్లో ‘మొక్కజొన్న తోటలో’ ఒకటి. రాసింది కొనకళ్ల వెంకటరత్నం. ఇంటింటికీ చేర్చింది వింజమూరి అక్కచెల్లెళ్లు అనసూయ, సీత. పాటలో ఓ పల్లెపడుచు తన మామను చీకటిపడ్డాక మంచె దగ్గరికి రమ్మంటుంది. బతిమాలదు. ఎక్కడికి, ఏ వేళకు రావాలో తనే చెప్తుంది. మరిచిపోవద్దంటుంది కూడా.

పిన్నికి పద్నాలుగేళ్లప్పుడు ఓ సాయంత్రం పెరట్లో అంట్లు తోముతూ ఒక్కతే ఆ పాట ఎత్తుకుంది. గోడవతల ఎవరో విన్నారు. ఎవడికోసమని తాతయ్య నిలదీశాడు. ఎవడూ లేడు. మా వైపు చెరకే ఎక్కువ, ఆ మొక్కజొన్న తోటా మంచే కూడా ఆమెకు పాటలోనే తెలుసు. ఆ ఏటితో బడి మాన్పించారు. మరుసటేడు పెళ్లి.

విచిత్రమేమిటంటే, పెళ్లిపందిట్లో అమ్మా పిన్నీ కలిసి అదే పాట పాడితే అదే తాతయ్య తలూపుతూ వినేవాడట. చిన్నప్పుడు నేను పాడబోతే పిన్ని వారించింది.

“ఒక్కర్తివీ పాడకే గుంటా. ఒక్కర్తే పాడితే నీ ఊసనుకుంటారు. ఇద్దరు పాడితే పాటనుకుంటారు.”

యూనివర్సిటీలో చదువుకునే రోజుల్లో ఈ పాటను తేలిగ్గా కొట్టిపారేశాను. మగకవి ఊహించుకున్న పల్లెపడుచు, మగకవి ఆమె నోట పెట్టిన కోరిక అన్నాను. అది తప్పని ఇప్పటికీ అనను. కానీ పిన్ని మాట అందులో లేదు. తర్వాతెప్పుడో అమెరికా నల్లజాతి అమ్మాయిల బృందం షిరెల్స్ పాడిన ‘విల్ యూ లవ్ మీ టుమారో’ విన్నాను. 1961 జనవరిలో బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానానికి చేరిన పాట అది. నల్లజాతి అమ్మాయిల బృందానికి ఆ స్థానం దక్కడం అదే మొదలు. బాణీ కరోల్ కింగ్‌ది, మాటలు ఆమె భర్త జెర్రీ గాఫిన్‌వి. అక్కడా మాట మగవాడిదే! ఈ రాత్రి ప్రేమ రేపటికి ఉంటుందా అని ఆ అమ్మాయి అడుగుతుంది. ఆమె భయం పాటలోనే ఉంది. మా పాటలో పిల్లకు భయమే లేదు, భయమంతా వింటున్న ఇంటిది. అయినా రెండు చోట్లా ఒకత్తె ఒంటరిగా అనలేని మాటకు పక్కనున్న గొంతు చాటు ఇచ్చింది. ఫలానా పిల్ల అన్నదని వేలెత్తి చూపడానికి లేదు. ఇన్నేళ్లూ ఆ పాటల్ని ఆడపిల్లలు వదలకపోవడానికి నాకు తోచే కారణం ఇదే, బాణీ తియ్యదనం తర్వాతే.

2019 మార్చిలో అనసూయాదేవి హ్యూస్టన్‌లో పోయారు, 98 ఏళ్ల వయసులో. సీతాదేవి అంతకుముందే వెళ్లిపోయారు. మా అమ్మా అప్పటికి లేదు. ఆ వారం మాడుగుల వెళ్లి, ఫోన్‌లో పాట పెట్టాను. పిన్ని వంటింటి గుమ్మంలో కూర్చుని వింది. రెండోసారి పెట్టమంది. పెదవులు కదిలాయి గానీ గొంతు రాలేదు. వీధి తలుపు వైపు ఒకసారి చూసింది.

“నువ్వూ అందుకోవే,” అంది.

నాకు పల్లవి తప్ప రాదు. అదే అందుకున్నాను.